మేతబీడున ఒక్క గడ్డియా, పలు గడ్డులా?



పశుగ్రాసమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల సంఘములలో ఒక మాట తప్పక వినవచ్చును. "ఊరి మేతబీడు పనికిమాలిన కలుపుతో నిండియున్నది. దానిని దున్నించి, మేలిజాతి గడ్డి నొక్కదానిని నాటి, యూరియా చల్లినయెడల ఊరి పశువులన్నిటికిని కడుపునిండ మేత దొరకును" అనునదే ఆ మాట. ఇది సోమరులాడు మాట గాదు. పాడి వృద్ధి గావలెనని కోరువారే దీనిని చెప్పుచున్నారు. కావున దీనిని త్రోసివేయక, తూచి చూడవలయును. చేను దున్నినచో వచ్చు ఏడు మరియొక పంట వేసికొని దిద్దుకొనవచ్చును. బీడు అట్టిది గాదు. ఒక్కసారి దున్నిన పాత బీడు మరల బీడగుటకు ఎన్నియేండ్లు పట్టునో, నాగలి పట్టకముందే విచారించుట వివేకము.

ఈ ప్రశ్నను పట్టుకొని చల్లని దేశములలోని పచ్చిక బయళ్లయందు నూట డెబ్బది సంవత్సరములనుండి పరిశోధనలు జరుగుచున్నవి. వానిలో ముఖ్యములైన కొన్నిటిని ముందుగా మనవిచేసి, పిమ్మట మా యభిప్రాయమును చెప్పెదము. ఆ దేశములలో చలికాలమున పచ్చిమేత దొరకదు. అందుచే వారు వేసవిలో పచ్చికను కోసి, ఎండబెట్టి, మనము వరిగడ్డిని వామి వేసికొనునట్లు దాచుకొందురు. వారికి గడ్డి పంటయే. దాని లెక్క వారికి ధాన్యపు లెక్కతో సమానము. ఇంత శ్రద్ధగా వారు గడ్డిని కొలిచి యుండుటకు కారణ మిదియే.

రాథమ్‌స్టెడ్ పచ్చిక

ఇంగ్లండు దేశమున లండను నగరమునకు ఉత్తరముగా హెర్ట్‌ఫర్డ్‌షైర్ మండలమునందు రాథమ్‌స్టెడ్ అను వ్యవసాయ పరిశోధన స్థానము కలదు. దానిని స్థాపించిన జాన్ బెన్నెట్ లాస్ ఆ యెస్టేటునకు యజమాని. సూపర్‌ఫాస్ఫేటు ఎరువును తయారుచేయుటకు 1842లో పేటెంటు పొంది, దానిని అమ్మి ధనవంతుడైనవాడు. 1843లో జోసెఫ్ హెన్రీ గిల్బర్టు అను రసాయన శాస్త్రజ్ఞుడు ఆయనతో చేరెను. 1856లో వీరిరువురును సుమారు 7 ఎకరముల పాత పచ్చికను మళ్లుగా విభజించి, ఒక్కొక్క మడికి ఒక్కొక్క విధమైన ఎరువు వేయ నారంభించిరి. ఆ పచ్చిక అంతకుముందే నూరేండ్లకు తక్కువ గాకుండ గడ్డిగా నుండినది. కొత్తగా ఏ విత్తనమును వారు చల్లలేదు. ఎండుగడ్డి దిగుబడి ఏ ఎరువునకు ఎంత పెరుగునో తెలిసికొనుట మాత్రమే వారి యుద్దేశము. ఎరువుల వ్యాపారియే ఈ పరీక్షను మొదలుపెట్టెనన్న సంగతిని చదువరులు గమనింపవలయును. ఇది ఎరువుమీది ద్వేషముతో బుట్టినది గాదు.

రెండు మూడేండ్లు గడచునప్పటికే వారు వెదకని వింత యొకటి వారి కన్నులకు గట్టినది. దిగుబడి మారుటయే గాక, మడిలోని మొక్కలే మారిపోవుచుండెను. ఒకే పచ్చిక, ఒకే వాన, ఒకే నేల. అయినను ప్రక్కప్రక్క మళ్లు వేరువేరు దేశములవలె కనబడసాగెను. ఆ పరీక్ష నేటికిని ఆగలేదు. కోసిన గడ్డి నమూనాలను తొలినాటినుండి దాచియుంచినారు. ఆ మళ్లను చిరకాలము పరిశీలించిన వినిఫ్రెడ్ బ్రెంచ్లీ అను విదుషి 1924లో వానినిగూర్చి యొక గ్రంథమే ప్రకటించెను.

ఆ మళ్లు చెప్పునదేమన: ఎరువు వేయని మళ్లలో సుమారు 40 జాతుల మొక్కలు కలసి పెరుగుచున్నవి. అందు గడ్డులు, పూలమొక్కలు, పప్పుజాతి తీగెలు అన్నియు కలవు. అమోనియం సల్ఫేటు మిక్కుటముగా వేసి, సున్నము వేయని మళ్లలోనో, రెండు మూడు జాతులు మాత్రమే మిగిలినవి. నేల పులిసి, దాని పి. హెచ్. అంకె 4కు దిగువకు పడిపోయినది. వానపాములు నశించినవి. చచ్చిన గడ్డి కుళ్లి నేలలో కలియక చాపవలె పైని పేరుకొన్నది. అదే నత్రజనిని సోడియం నైట్రేటు రూపమున వేసిన మళ్లలో నేల అట్లు పులియలేదు. జాతులు తగ్గినను అంతగా తగ్గలేదు. కావున ఎంత ఎరువు అనునది యొక ప్రశ్న, ఏ యెరువు అనునది రెండవ ప్రశ్న.

మూడవ రకపు మడి మన రైతులకు మిక్కిలి పనికివచ్చునది. దానికి భాస్వరమును, పొటాషును ఇచ్చి నత్రజనిని మాత్రము ఇయ్యలేదు. ఆ మడిలో క్లోవరు మొదలగు పప్పుజాతి మొక్కలు విజృంభించినవి. మన పిల్లిపెసరవలెనే వాని వేళ్లయందు బుడిపెలుండును. అవి గాలిలోని నత్రజనిని పట్టి నేలకిచ్చును. కొన్న నత్రజని యొక గింజయైనను లేకయే ఆ మడి, ఎరువు లేని మడికంటె మిన్నగా పండుచున్నది. మడిలో పప్పుజాతి యుండుటచేతనే ఇది సాధ్యమైనది. నత్రజని యెరువు పోసి పప్పుజాతిని చంపుకొన్నవాడు, ఇంట కాపురమున్న కూలివానిని వెళ్లగొట్టి, అంగటిలో కూలికి వెదకువానివంటివాడు.

న్యాయము పక్షమున ఒక మాట చెప్పక తప్పదు. నత్రజని, భాస్వరము, పొటాషు మూడును సరిగా వేసి, సున్నముతో నేల పులియకుండ కాపాడిన మళ్లలో ఎండుగడ్డి మిక్కుటముగా పండుచున్నది. జాతులు మాత్రము కొద్దియే. ఎక్కువ గడ్డి కావలెనన్న ఎరువు వేయవలెననుట అబద్ధము గాదు. ఆ గడ్డిని ఏ వెల యిచ్చి కొనుచున్నామన్నదే మా ప్రశ్న.

జాతు లేల నశించును?

ఎరువు మొక్కకు ఆహారము గదా, ఆహారము పెట్టిన మొక్కలేల చచ్చునని అడుగవచ్చును. దీనికి సమాధానము వెలుతురు. నేల పేదదిగా నున్నప్పుడు ఏ మొక్కయు మిక్కిలి యెత్తు పెరుగలేదు. చిన్న మొక్కకును, పెద్ద మొక్కకును ఎండ దొరకును. ఎరువు పడగనే పొడుగు గడ్డి యొకటి రెండు రివ్వున లేచి, గొడుగువలె కప్పివేయును. క్రింది మొక్కలు తిండి లేక గాక, ఎండ లేక చచ్చును. స్విట్జర్లండు దేశమున జ్యూరిచ్ నగరమునందు కొందరు శాస్త్రజ్ఞులు ఎరువు వేసిన పచ్చికలో, పొడుగు గడ్డి నీడన పడియున్న చిన్న మొక్కలకు దీపములు పెట్టి చూచిరి. దీపము పెట్టినచోట జాతులు నశింపలేదు. 2009లో ప్రకటింపబడిన ఈ పరిశోధన సంగతిని తేటతెల్లము చేసినది.

దీనినిబట్టి ఇంకొకటియు తెలియుచున్నది. పొడుగు గడ్డిని తగినవేళ కోసినను, పశువు మేసినను చిన్న మొక్కకు మరల ఎండ దొరకును. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున కోంజా అను విశాలమైన పచ్చిక బయలున ఈ సంగతి బాగుగా పరీక్షింపబడినది. ఏటేట నిప్పుపెట్టి, మేపకయుంచిన భాగములలో పొడుగు గడ్డులు కొన్నియే రాజ్యమేలుచున్నవి. బైసన్ అను అడవి యెద్దులను 1987లో తెచ్చి మేపిన భాగములలోనో, 2022లో ప్రకటించిన లెక్కప్రకారము, మేపని భాగములకంటె దేశవాళీ మొక్కల జాతులు సుమారు రెండింతలైనవి. సాధారణ పశువులను మేపినచోట కూడ జాతులు పెరిగినవి గాని, అంతగా పెరుగలేదు. బైసన్‌లు ఎక్కువగా ఆ పొడుగు గడ్డినే మేయును. కావున మేత బీడునకు శత్రువు గాదు. మితమైన మేత దానికి మిత్రమే. విశ్రాంతి యియ్యక, వేరు బయటపడువరకు మేపుటయే దానికి శత్రువు.

కరవు పెట్టిన పరీక్ష

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున సీడర్ క్రీక్ అను నొక ఇసుకనేల కలదు. డేవిడ్ టిల్‌మన్ అను శాస్త్రజ్ఞుడు 1982లో అక్కడి నాలుగు బీళ్లలో 207 మళ్లు వేసి, ఒక్కొక్క దానికి ఒక్కొక్క మోతాదున నత్రజనిని ఇయ్య నారంభించెను. ఎరువు హెచ్చిన మళ్లలో మేత హెచ్చినది, జాతులు తగ్గినవి. ఐరోపానుండి వచ్చిన క్వాక్ గ్రాస్ అను మొండి గడ్డి పెక్కు మళ్లను ఆక్రమించినది. ఇంతవరకు రాథమ్‌స్టెడ్ కథయే.

పిమ్మట 1987, 1988 సంవత్సరములలో ఘోరమైన అనావృష్టి వచ్చినది. అది యెవ్వరును తలపెట్టని పరీక్ష. పెక్కు జాతులున్న మళ్లలో మేత సుమారు సగమునకు తగ్గినది. అతి కొద్ది జాతులున్న మళ్లలోనో ఎనిమిదవ వంతునకు పడిపోయినది. వానలు తిరిగి వచ్చిన పిమ్మట కూడ, పలు జాతుల మళ్లు త్వరగా కోలుకొన్నవి. కొద్ది జాతుల మళ్లు వెనుకబడినవి. ఈ లెక్కలు 1994లో ప్రకటింపబడినవి.

శాస్త్రజ్ఞులు ఒకరి మాట నొకరు ఊరక నమ్మువారు గారు. "కొద్ది జాతులున్న మళ్లు ఎరువు మెండుగా తిన్న మళ్లే గదా. అవి కరవున కూలుటకు కారణము జాతులు తగ్గుటయా, లేక ఎరువు తిని పెరిగిన మొక్క నీటి కరవునకు ఓర్వలేకపోవుటయా?" అని కొందరు ఆక్షేపించిరి. ఇది యుక్తమైన ఆక్షేపణమే. అందుచే ఎరువు ప్రసక్తి లేని వేరొక పరీక్ష అక్కడనే 1994లో నాటబడినది. 9 మీటర్ల చదరపు మళ్లు 168 చేసి, కొన్నిటిలో ఒక జాతిని, కొన్నిటిలో 2, 4, 8, 16 జాతులను, ఏ మడికి ఏవి యన్నది చీట్లువేసినట్లు ఎంచి, విత్తిరి. ఏడేండ్లలో 16 జాతుల మళ్లలోని మొక్కల బరువు ఒంటిజాతి మళ్ల సగటుకు 2.7 రెట్లయినది. ఏటేట వచ్చు హెచ్చుతగ్గులు కూడ పలు జాతుల మళ్లలో తక్కువ. జర్మనీ దేశమున యేనా నగరమునొద్ద 2002లో 60 జాతులతో నాటిన పరీక్షలో కూడ జాతులు పెరిగినకొలది దిగుబడి పెరుగుట కనబడినది.

సీడర్ క్రీక్ మళ్లలో ఇంకొక విశేషము గలదు. మొదటి యేండ్లలో ఒంటిజాతి మడికిని, పలు జాతుల మడికిని భేదము స్వల్పము. ఏండ్లు గడచినకొలది ఆ భేదము పెరుగుచు వచ్చినది. రెండేండ్లు చూచి తీర్పు చెప్పినవాడు, ఈ పరీక్షలో తప్పుడు తీర్పు చెప్పియుండును. ఊరి బీడు విషయమున కూడ మొదటి కోతను చూచి మురియువారికి ఈ మాట జ్ఞాపకముండవలెను.

నేల క్రింది సంగతి

పలు జాతులు కలసియుండుటవలన ఈ బలమెట్లు వచ్చును? దీనికి గల కారణములలో నొకటి నేల క్రింద నున్నది. నెబ్రాస్కా విశ్వవిద్యాలయమున జాన్ వీవర్ అను పండితుడు 1910వ దశాబ్దమునుండియు ప్రెయిరీ యను పచ్చిక బయళ్లలో లోతైన కందకములు త్రవ్వి, మొక్కల వేళ్లను మన్ను తొలగించి చిత్రించెను. కొన్ని గడ్డుల వేళ్లు పైపై రెండడుగుల లోపలనే యుండును. కొన్ని ఆరేడడుగులు దిగును. కొన్ని పూలమొక్కల వేళ్లు 15 అడుగులకు మించి పోవును. పైకి ఒకే పచ్చికగా కనబడునది, క్రింద మూడంతస్తుల మేడ. చిన్న వానను పై అంతస్తువారు త్రాగుదురు; లోనికింకిన నీటిని క్రింది అంతస్తువారు త్రాగుదురు. చేనిలో వేరుసెనగ సాళ్లమధ్య కందిని విత్తు మన రాయలసీమ రైతునకు ఈ సంగతిని ఎవ్వరును బోధింప నక్కరలేదు. వేరుసెనగ యెండిననాడు కంది మిగులునని అతడెరుగును.

1934లోను, పిమ్మటి యేండ్లలోను ఆ దేశమును కాల్చివేసిన మహా అనావృష్టిలో వీవరు తన మళ్లను విడువక చూచెను. అంతవరకు బయలునంతయు నిండియుండిన లిటిల్ బ్లూస్టెమ్ అను గడ్డి విస్తారముగా చచ్చినది. దాని చోటున వెస్టర్న్ వీట్‌గ్రాస్ అను మరియొక గడ్డి వ్యాపించినది. అంతకుముందు దానిని లెక్కచేసినవారు లేరు. మంచిరోజులలో మూలనున్న గడ్డి, చెడ్డరోజులలో నేలను కప్పి కాపాడినది. బయలు తన పూర్వరూపమును పొందుటకు ఇరువది యేండ్ల కాలము పట్టినది. పనికిమాలినదని పెరికివేసిన జాతి ఏ కరవుననో మనకు పనికివచ్చునది గావచ్చును. ఏది యెప్పుడు పనికివచ్చునో ముందుగా చెప్పగలవాడు లేడు.

పోయినది తిరిగి వచ్చునా?

మా యభిప్రాయమునకు మూలమైన సంగతి యిది. 1916లో ఫ్రెడెరిక్ క్లెమెంట్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, చెడిన బయలు క్రమక్రమముగా దేశకాలములకు దగిన తన తుదిరూపమును మరల చేరునని సిద్ధాంతము చేసెను. అది చాలకాలము వేదవాక్యముగా నుండెను. పరీక్షలు చెప్పునది ఇంత సులువుగా లేదు.

సీడర్ క్రీక్‌లో ఎరువు మళ్లు కొన్నిటికి పదేండ్ల పిమ్మట నత్రజనిని ఆపివేసిరి. కొద్ది మోతాదు వేసిన మళ్లలో జాతులు మెల్లగా తిరిగి వచ్చినవి. పెద్ద మోతాదు తిన్న మళ్లలోనో, ఎరువు ఆపి ఇరువది యేండ్లయినను పోయిన జాతులు తిరిగి రాలేదు. 2013లో ఈ సంగతి ప్రకటింపబడినది. ఎరువు వేయుటకు ఒక్క పూట చాలును. దాని ఫలమును చెరుపుటకు ఇరువది యేండ్లు చాలలేదు.

రాథమ్‌స్టెడ్‌లో మాత్రము కొంత ఆశ కనబడినది. అక్కడ 1989 మొదలు కొన్ని మళ్లను రెండు భాగములు చేసి, ఒక భాగమునకు నత్రజని మానివేసిరి. ఆ భాగములలో జాతులు తిరిగి పెరిగినవని 2015లో ప్రకటించిరి. అక్కడ గడ్డిని ఏటేట కోసి మోసికొనిపోవుదురు. అందుచే నేలలో పోగైన సారము తరుగుచు, క్రిందికి వెలుతురు దిగుచుండును. ప్రక్కనే ఎరువెరుగని మళ్లుండి విత్తనములను పంచిపెట్టుచుండును. విత్తనపు కోశము ప్రక్కన నున్నవాడు కోలుకొనును. ఊరి బీడు నంతటిని ఒక్కసారి దున్నినచో మనకు ఆ కోశము ఎక్కడనుండి వచ్చును?

మోతాదు చిన్నదే గదా యనువారికి ఒక లెక్క చెప్పెదము. సీడర్ క్రీక్‌లో హెక్టారునకు ఏటికి 10 కిలోల నత్రజని, అనగా ఎకరమునకు 4 కిలోలు, ఇరువది యేండ్లకు పైగా వేసిన మళ్లలో జాతులు నూటికి 17 తగ్గినవి. 4 కిలోల నత్రజని యనగా 45 కిలోల యూరియా బస్తాలో అయిదవ వంతు. ఏటికొక్క దోసెడు చాటున ఎంత జరుగునో చూచితిరా!

ఆక్షేపణలు

"అవి మంచు దేశముల మాటలు, మన యెండలకు, మన వానలకు అవి వర్తించునా?" అని కొందరందురు. అక్షరాల వర్తింపవని మేమును ఒప్పుకొందుము. అక్కడి పచ్చిక ఏటికేడాది బ్రదుకు గడ్డులతో నిండినది. మన బీళ్లలో తొలకరికి మొలచి, కార్తికమునకు ఎండు గడ్డులు మెండు. అక్కడ ఎరువు హెచ్చి చెడిన బీళ్లే యెక్కువ. మనకు ఎడతెగని మేతచే చెడిన బీళ్లే యెక్కువ. సున్నము గల నల్లరేగడి అంత త్వరగా పులియదు; తేలికయైన ఎర్ర చెలకకు ఆ భయము హెచ్చు. అంకెలు మారును. కాని పొడుగు మొక్క నీడన పొట్టి మొక్క నిలువలేదనుటయు, వేళ్ల లోతులు వేరైనచో నీటిని పంచుకొనుననుటయు, విత్తనము లేనిది మొలక రాదనుటయు దేశమునుబట్టి మారునవి గావు.

"పలు జాతుల మడి, మేలైన ఒక్క జాతి మడిని ఎల్లప్పుడు మించునా?" అనునది రెండవ ఆక్షేపణము. మించదు. పెక్కు పరీక్షలను కూడి చూచినచో, మిశ్రమము ఒంటిజాతుల సగటును మించుట సాధారణము. వానిలో శ్రేష్ఠమైనదానిని మించుట అంత సాధారణము గాదు. కాని వచ్చు ఏటి వాన యెట్టిదో తెలియనిది, ఏ జాతి శ్రేష్ఠమగునో ఎట్లు తెలియును? బోరుబావి క్రింద, కట్టడిలో నున్న మడికి శ్రేష్ఠజాతిని ఎంచుకొనవచ్చును. వానమీద బ్రదుకు బీడునకు అట్లు ఎంచుట జూదము.

మనము చేయదగినది

కావున మా యభిప్రాయము ఇది. మేలిజాతి గడ్డిని పంటగా పెంచుడు. బీడును బీడుగా నుంచుడు. నేపియరు వంటి గడ్డికి నీరు గల చేను, ఎరువు, కోత, లెక్క అన్నియు కావలెను. దానిని పాడి రైతు తన మడిలో పెంచుకొనుట మంచిదే; సంఘము పిలకలను సరఫరాచేసి సహాయపడుటయు మంచిదే. దానికొరకు ఉమ్మడి బీడును దున్నుటకు మాత్రము మేము సమ్మతింపము. చేను తప్పినచో ఒక రైతు నష్టపడును. బీడు తప్పినచో చేను లేనివాడును, నాలుగు మేకలే ఆస్తిగా గలవాడును ముందుగా నష్టపడుదురు.

బీడును బాగుచేయుటకు దున్నకయే చేయదగిన పనులు కలవు. మొదటిది విశ్రాంతి. బీడును మూడు నాలుగు భాగములు చేసి, తొలకరి వానలకు గడ్డి వేరూని విత్తు రాల్చువరకు ఒక్కొక్క యేడు ఒక్కొక్క భాగమును మేపక విడువవలెను. కంచె వేయుటకంటె మాట నిలుపుకొనుట కష్టము. ఆ మాట నిలుపుటకే సహకార సంఘమున్నది.

రెండవది పప్పుజాతి. మన పశువులు తిను స్టైలో వంటి పప్పుజాతి విత్తనమును, తొలి వానకు, గడ్డి పలుచనైన చోట్ల గీరి చల్లవలెను. ఉన్న మొక్కలను పెరికివేయరాదు. నత్రజనిని బీడున పోయరాదు.

మూడవది విత్తనపు కోశము. బీడులో మంచి భాగము నొకదానిని, ఎకరమైనను సరే, ఏమియు దున్నక, ఎరువు వేయక కాపాడవలెను. మిగిలిన భాగము చెడిననాడు దానినుండియే విత్తనము రావలెను. గడ్డి ముదిరినప్పుడు దానినుండి కోసి మోసికొనిపోవుట మంచిది. నిప్పుపెట్టుట మంచిది గాదు.

నాలుగవది లెక్క. వెదురుబద్దలతో గజము చదరపు చట్రము నొకదానిని కట్టుడు. ప్రతి సంవత్సరము భాద్రపద మాసమున బీడున గుర్తుపెట్టిన పదిచోట్ల దానిని పరచి, లోపల ఎన్ని రకముల మొక్కలున్నవో లెక్కించి, సంఘపు పుస్తకమున వ్రాయుడు. పేర్లు తెలియనియెడల పసులకాపరి నడుగుడు. ఏ మొక్కను ఏ పశువు ముట్టునో, ఏది ముట్టదో అతడెరిగినంత మేమెరుగము. బడిపిల్లలు ఈ పనిని ఒక్క పూటలో చేయగలరు. మొదటి యేడు ఆ అంకెవలన లాభము లేదు. పదియవ యేడు దానికి వెలలేదు. లాస్, గిల్బర్టులు మొదటినాటినుండి కొలిచి దాచి యుండనియెడల, రాథమ్‌స్టెడ్ మళ్లు నేడు ఎవ్వరికిని ఏమియు చెప్పియుండవు.

ఇంత చేసిన పిమ్మట కూడ, బీడున కొంత భాగమును దున్ని చూడవలెనని సభ్యులు కోరినయెడల, మేము అడ్డుపడము. పదియవ వంతును మాత్రము దున్ని, ప్రక్కనున్న బీడుతో పోల్చి, మంచి యేటను, చెడ్డ యేటను, రెండింటను తూకము వేసి చూడుడు. ఒక్క మంచి యేటి తూకమును సాక్ష్యముగా ఒప్పుకొనకుడు. అనావృష్టి యేటి తూకము వచ్చువరకు తీర్పును నిలిపియుంచుడు.

మేతబీడు మన తాతలు సంపాదించి యిచ్చిన ఆస్తి గాదు. వారు చెరుపక విడిచిన ఆస్తి. దానిలోని నలువది జాతులను ఒక్కచోట చేర్చుటకు ఏ సంఘపు మూలధనమును చాలదు. దానిని కాపాడుట సభ్యుల చేతిలో నున్నది. వచ్చు సర్వసభ్య సమావేశమున బీడు ప్రశ్న వచ్చినప్పుడు, చేయి ఎత్తుటకు ముందు, ఎరువు వేసిన పూటను, తిరిగి రాని ఇరువది యేండ్లను, రెండింటిని తలచుకొని చేయి ఎత్తవలయునని మా ప్రార్థన.